కూర్చుని చూసిన వెస్టు

మా బావ కూర్చోనిదే ఆ వర్క్‌షాపులోంచి ఒక్క సోఫా కూడా గుమ్మం దాటేది కాదు. కొత్తదైనా, పాతదానికి గుడ్డ మార్చినదైనా, చివరి కుట్టు పడ్డాక ఆయన చేతులు ప్యాంటుకి తుడుచుకుని, వెనక్కి తిరిగి, నెమ్మదిగా కూర్చునేవాడు. కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి కొంచెం పక్కకి జరిగేవాడు. రెండు బొటనవేళ్లతో తొడల పక్కన ఫోము నొక్కి వదిలి, అది తిరిగి లేచే తీరు వేళ్లతోనే వినేవాడు. అప్పుడు లేచి, "సరే, ఎత్తండి" అనేవాడు. ఆ మాట పడకుండా సోఫా మీద చెయ్యి వేసే ధైర్యం బండివాళ్లకి ఉండేది కాదు.

ఒకసారి పళ్ల డాక్టరు తన కుర్చీకి రెక్సిన్ మార్పించాడు. బావ ఆ కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, చాలాసేపు పడుకున్నాడు. డాక్టరు గడియారం చూసుకుంటుంటే, "ఆగండి. ఇందులో కూర్చున్నవాడు భయంతో బిగుసుకుంటాడు. నేనింకా భయపడలేదు" అన్నాడు. తర్వాత లేచి, తల పెట్టుకునే చోట ఫోము మార్చాడు.

ఊళ్లో ఆయన్ని కుషన్ మాస్టారు అనేవాళ్లు. పనిలో ఉన్నప్పుడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మధ్యకి తెచ్చి, సుత్తికున్న అయస్కాంతానికి అందించి కొట్టేవాడు. నోట్లో మేకులున్నంతసేపు మాట్లాడలేడు కాబట్టి, మాట్లాడడం ఇష్టం లేనప్పుడు కూడా మేకులు పోసుకునేవాడు. "ఇంటికి అప్పులవాడొస్తే జనం పెరటి తలుపు తీస్తారు, ఈయన మేకుల డబ్బా తీస్తాడు" అనేది అక్క. గుడ్డ కత్తిరించేది అక్కే. ఆమె కత్తెర ఆగకుండా మాట్లాడేది, ఆమె ఆగకుండా కత్తెర ఆడేది.

నేను వెళ్లినప్పుడల్లా ఆ ఇంట్లో స్వాగతం ఒకేలా ఉండేది.

"ఏంటి బామ్మర్దీ, మీ అక్కని నేనేం చేశానో చూసిపోదామని వచ్చావా?"

"లేదు బావా, మా అక్క నిన్నేం చేసిందో చూద్దామని."

"అయితే కూర్చో. ఆ కుర్చీ కాదు. దాని స్ప్రింగు నీ బాపతే, ఎటు నొక్కితే అటు వంగుతుంది."

పోయిన ఏడు, గాలుల కాలం ఇంకా మొదలవకముందు, ఒక ఉదయం పనిబల్ల దగ్గరే కుప్పకూలిపోయాడు. గుండె అన్నారు. ఆయన గురించి రాయమని ఎవరూ అడగలేదు. ఆయన చేసిన సోఫాలు ఊళ్లో ఇంకా ఉన్నాయి, వాటి మీద కూర్చునేవాళ్లకి ఆయన అవసరం లేదు. నాకు గుర్తున్నవాటిలో ఒకటి మాత్రం ఇక్కడ పెడుతున్నాను. అది సోఫా సంగతి కాదు.

మా ఊరి ఒడ్డున ఇసుకమేట ఒకటి సముద్రానికి అడ్డంగా సాగి ఉంటుంది. దాని అవతల అలలు, ఇవతల మోకాలి లోతు నుంచి మొదలై పరుచుకున్న చదునైన నీళ్లు. ఏడాదిలో కొన్ని నెలలు మధ్యాహ్నం అయ్యేసరికి ఒకే వైపు నుంచి ఆగకుండా గాలి వీస్తుంది. ఆ గాలి కోసం ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి, పడవ తెరచాపంత గాలిపటాలు ఎగరేసి, వాటి తాళ్లని నడుముకి తగిలించుకుని, కాళ్ల కింద పలక పెట్టుకుని నీళ్ల మీద దూసుకుపోతారు. ఆ ఆట నేర్పే బడి ఒకటి ఒడ్డున ఉంది. బావ కూతురు, మేమంతా పిట్ట అని పిలిచే మా మేనకోడలు, ఆ బడిలో పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఉద్యోగానికి చేరింది. ఏడాది తిరిగేసరికి బల్ల వదిలి నీళ్లలో ఉంది.

అక్కకి ఈ సంగతి తెలిసిన రోజున, "గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడం అంటే విన్నాను. నేను కన్నది ఏకంగా గాలికే ఒంటిని తగిలించుకుంది" అంది. బావ నవ్వాడు. ఆ రోజుల్లో ఇంకా నవ్వేవాడు.

ఆ తర్వాతి గాలుల కాలంలో పిట్ట గాలిలోకి ఎగిరి, దిగడం కుదరక, ఎడమ పక్క మీద నీళ్లకి దబ్బున కొట్టుకుంది. అంత ఎత్తు నుంచి పడితే నీళ్లకీ బండకీ తేడా ఉండదట. పక్కటెముక ఒకటి చిట్లింది. ఎక్స్‌రే ఇంటికి తెచ్చాక బావ దాన్ని వర్క్‌షాపు ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని, సోఫా చట్రాన్ని చూసినట్టు ఆ కొస నుంచి ఈ కొసకి చూశాడు.

"విరగలేదు. చీలింది. కలప అయితే జిగురు పెట్టి బిగించి వదిలేసేవాణ్ణి."

"డాక్టరు బిగించొద్దన్నాడు నాన్నా. మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉంటే అదే అతుక్కుంటుందట."

బావ ఎక్స్‌రే కవర్లో పెట్టి, మేకుల డబ్బా తీశాడు. అది మొదలు కొన్ని వారాలు కూతురు గదిలోకి వస్తే ఆయన నోట్లో మేకులుండేవి.

ఎముక అతుక్కుంది. నీళ్లలో దిగొచ్చని డాక్టరు చెప్పాడు. అదే సమయంలో బడిలో ఒక ఖాళీ వచ్చింది. కొత్తవాళ్లకి నేర్పడానికి, ఎవరైనా ఇరుక్కుంటే వెళ్లి తీసుకురావడానికి ఒక సహాయ కోచ్ కావాలి. పెద్ద కోచ్ గడ్డం ఎప్పుడూ ఉప్పు పట్టి తెల్లగా ఉండేది, అందుకని ఆయన్ని అందరూ ఉప్పుగడ్డం అనేవాళ్లు. ఆ ఉద్యోగానికి ఇద్దరున్నారు, ఫెర్రీలో పనిచేసే ఒకాయన, పిట్ట. ఈ కాలం గాలులు ఆగేలోగా ఇద్దరూ తన ఎదురుగా నీళ్ల మీద పని చేసి చూపించాలి అన్నాడు ఉప్పుగడ్డం. పిట్టకి పేర్లు రాసే బల్ల దగ్గరికి తిరిగి వెళ్లే ఉద్దేశం లేదు.

ఆ రోజు నేను వర్క్‌షాపులోనే ఉన్నాను. పిట్ట వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, నువ్వు కూర్చుని చూసి సరే అనందే సోఫా పంపవు కదా. దెబ్బ తగలకుండా ఒంటికి తొడుక్కునే ఫోము వెస్టులుంటాయి. నువ్వు చూసి సరే అన్న వెస్టే వేసుకుంటాను. నువ్వు సరే అనేవరకు నీళ్లలో కాలు పెట్టను."

బావ మేకులు ఒక్కొక్కటే అరచేతిలోకి ఉమ్మాడు.

"మాటేనా?"

"మాటే."

"తర్వాత ఏడవకూడదు."

"నువ్వు కూడా."

ఆ మాట ఇచ్చి పిట్ట తనని తాను కట్టేసుకుంది. ఆమె బడిలో స్నేహితుల దగ్గర అడిగి ఒక్కో వెస్టూ తెచ్చేది. బావ దాన్ని బల్ల మీద పరిచి బొటనవేలితో నొక్కేవాడు. "చచ్చిన ఫోము" అనేవాడు. మరోటి తెస్తే, "ఇది అట్టముక్క" అనేవాడు. ఇంకోటి తెస్తే వాసన చూసి పక్కన పడేసేవాడు. ఒడ్డున ఫెర్రీ ఆయన రోజూ నీళ్లలో ఉంటున్నాడు. మధ్యాహ్నపు గాలి రోజురోజుకీ ఆలస్యంగా మొదలవుతోంది.

"వెస్టు వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు గానీ, ఆయన చూస్తోంది గాలి ఆగిపోయే రోజు కోసం" అంది అక్క, కత్తెర ఆపకుండా, ఆయనకి వినపడేలా.

బావ సుత్తి కింద పెట్టి నా వైపు తిరిగాడు. "బామ్మర్దీ, నీ కారు నడుస్తోందా, లేక నువ్వే దాన్ని నడిపిస్తున్నావా?"

"ఎక్కి చూడు బావా. కూర్చుని సరే అంటేనే కదుల్తుంది."

అలా బావా, పిట్టా, నేనూ ఆ ఆట సామాన్లమ్మే దుకాణానికి వెళ్లాం.

అది ఒడ్డు దారిలో, పడవ మోటార్లు బాగుచేసే షెడ్డు పక్కన ఉండేది. లోపల రబ్బరు వాసన. ఒక గోడంతా గాలిపటాల సంచులు, మరో గోడంతా వెస్టులు. లోపల మనిషి లేకపోయినా ఛాతీ విరుచుకుని వేలాడుతున్నాయి. దుకాణం మధ్యలో పై దూలం నుంచి ఒక గొలుసు, దాని చివర అడ్డంగా కడ్డీ, కడ్డీ మధ్యలో తాడు మెలిక, మెలిక పైన ఒక ఎర్ర పిడి. నడిపేది నడివయసు షాపావిడ. ఎండకి ముక్కు మీద చర్మం ఊడి ఉంది.

"ముందే చెప్తున్నా మాస్టారూ, ఇది లైఫ్ జాకెట్టు కాదు" అంది. "స్పృహ పోయినవాణ్ణి వెల్లకిలా తిప్పి తేల్చే పని దీనికి రాదు. నీళ్ల మీద పడితే దెబ్బ కొంచెం తగ్గిస్తుంది. కొంచెం తేలుస్తుంది."

"కొంచెం అని రెండుసార్లు అన్నారు."

"నిజమే కదా మరి."

ఆవిడ ఒక పల్చటి వెస్టు తీసి పిట్టకి తొడిగి, పక్క జిప్పు లాగింది. ఒంటికి అతుక్కునేలా బిగుతుగా ఉండాలి, తడిస్తే ఇంకొంచెం సాగుతుంది అని చెప్పింది. భుజాల దగ్గర రెండు చేతులా పట్టుకుని పైకి గుంజింది. వెస్టు కదల్లేదు. "ఇలా లాగితే గడ్డం దాకా వచ్చేస్తే అది మనది కాదు. కింద నడుము దగ్గర చూడండి, పల్చగా ఉంది. ఇక్కడ దీని పైనుంచి హార్నెస్ బిగుస్తుంది."

హార్నెస్ అంటే ముందువైపు ఇనుప కొక్కెం ఉన్న వెడల్పాటి నడుము పట్టీ. గాలిపటం లాగే బలమంతా ఆ కొక్కెం మీదే పడుతుంది.

బావ వంగి, ఎడమ పక్కటెముకల దగ్గర వెస్టు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. పిట్ట మొహం చిట్లించలేదు, కానీ ఊపిరి ఆపింది. ఆయన ఆ ఆపడం చూశాడు.

"ఇంతే మందమా? దీని మీద పిల్లి కూడా పడుకోదు."

ఆయన చూపు గోడ చివరికి వెళ్లింది. అక్కడ ఒక లావుపాటి వెస్టు ఉంది, పొడుగ్గా తుంటి దాకా వచ్చేది. తీసి నొక్కాడు. ఫోము లోపలికి పోయి నిదానంగా లేచింది. ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత కొంచెం వెలుగు కనిపించింది.

"అది పడవ వెనక తాడు పట్టుకుని జారేవాళ్లకి" అంది షాపావిడ. "వాళ్లకి తాడు చేతుల్లో ఉంటుంది. నడుముకి కొక్కెం ఉండదు."

"నీళ్లు నీళ్లే కదండీ?"

"నీళ్లు ఒకటే, లాగేది వేరు. పోనీ, అమ్మాయిని ఆ గొలుసుకి తగిలించి వేలాడదీసి చూడండి. తెలిసిపోతుంది."

బావ గొలుసు వైపు చూశాడు. "అమ్మా, నేను పుట్టినప్పటి నుంచి ఒకటే పని చేస్తున్నా. ఒంటికి తగిలే వస్తువు మంచిదో కాదో కూర్చుంటే తెలుస్తుంది. వేలాడదీస్తే ఏం తెలుస్తుంది, గొలుసు బలం తప్ప?" అని గోడవారన ఉన్న స్టూలు లాగి, "కూర్చో పిట్టా" అన్నాడు.

పిట్ట ఆ లావు వెస్టు వేసుకుని, మీద హార్నెస్ బిగించి, స్టూలు మీద కూర్చుంది. కూర్చున్నప్పుడు అన్నీ వాటి వాటి చోట్లే ఉన్నాయి. ఆయన ఎడమ పక్కన నొక్కాడు, ఆమె ఊపిరి ఆపలేదు. ముందుకి వంగమన్నాడు, పక్కకి తిరగమన్నాడు. ఇది కాదని పిట్టకి తెలుసు. షాపావిడ చెప్పింది ఆమె బడిలో ఎన్నోసార్లు విన్నదే. కానీ తండ్రి నోటి చివరి దాకా వచ్చిన మాట ఎక్కడ వెనక్కి పోతుందోనని పెదవి విప్పలేదు. బయట గాలి చూడ్డానికి కట్టిన జెండా గుడ్డ అప్పటికే సగం వాలి ఉంది.

ఆ వెస్టు ఇంటికి వచ్చింది. అప్పుడు కూడా ఆయన సరే అనలేదు. లోపలి అంచు కుట్టు విప్పి, ఎముక చిట్లిన చోట, పడవ సీట్లకి వాడే నీళ్లు తాగని ఫోము ముక్క ఒకటి పెట్టి, వంపు సూదితో తిరిగి కుట్టాడు. కుట్టు ఎక్కడో కనిపించకుండా కుట్టాడు. తర్వాత వెస్టుని తన స్టూలు మీద పరిచి దాని మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"ఇంకేం, గుడ్లు పెడతాడు" అంది అక్క.

మర్నాడు మధ్యాహ్నం అందరం ఒడ్డుకి వెళ్లాం. గాలి బాగానే ఉంది. ఉప్పుగడ్డం పిట్టని, వెస్టుని ఎగాదిగా చూశాడు. ఏదో అనబోయి, పక్కన నిలబడ్డ తండ్రిని చూసి, "సరే, ముందు మోకాలి లోతులోనే. నేను పక్కనే ఉంటా" అన్నాడు. గాలిలోకి వదలడానికి గాలిపటం అంచు పట్టుకున్నవాడు బావ వైపు చూశాడు. ఎందుకు చూశాడో తెలియదు, అందరం చూస్తున్నామని కాబోలు.

"సరే, ఎత్తండి" అన్నాడు బావ.

గాలిపటం లేచింది. తాళ్లు బిగిశాయి. నడుము కొక్కేన్ని గాలి పైకి లాగింది. లావుపాటి వెస్టు మీద హార్నెస్‌కి పట్టు దొరకలేదు. అది జారి పక్కటెముకలు దాటి, చంకల కింద దాకా పాకింది. దాంతోపాటు వెస్టు పైకి లేచి పిట్ట గడ్డాన్ని ఎత్తేసింది. ఆమె తల వెనక్కి వాలి, కళ్లు ఆకాశం వైపు ఉండిపోయాయి. కాళ్లు నీళ్లలో తడబడుతున్నాయి. కుడిచెయ్యి ఛాతీ ముందు దేనికోసమో వెతుకుతోంది. ఫోము తగులుతోంది, మళ్లీ ఫోమే తగులుతోంది.

ఉప్పుగడ్డం నీళ్లలో నాలుగు అంగలేసి హార్నెస్ వెనక పట్టుకుని కిందికి లాగాడు. అప్పుడు ఆమె చేతికి దొరికింది. ముందుకి తోసింది. పైన గాలిపటం ఒక్కసారిగా సత్తువ పోయి, నీళ్ల మీద గుడ్డలా పడింది. ఇదంతా అయ్యేలోపల అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఆ గోళ్ల గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. పిట్ట వచ్చి ఇసుకలో కూర్చుని దగ్గింది.

"మాస్టారూ, ఈ వెస్టు కుర్చీలో కూర్చోడానికైతే బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాడు ఉప్పుగడ్డం. స్టూలు సంగతి ఆయనకి తెలియదు, మామూలుగానే అన్నాడు.

బావ కూతురి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నీళ్లలో ఏం వెతికావు?"

"ఎర్ర పిడి నాన్నా. కొక్కెం పైనే ఉంటుంది. దాన్ని తోస్తే గాలిపటం చచ్చిపోతుంది. నేను ఉంటాను."

"అది చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. ఫోము గురించే అడిగావు."

ఆయన సరే అన్న వస్తువు వెనక్కి రావడం అదే మొదటిసారి. ఇంటికి వచ్చాక ఆయన మేకుల జోలికి పోలేదు. వెస్టు కుట్టు విప్పి, తను పెట్టిన ముక్కని బయటికి తీసి బల్ల మీద పెట్టి, దాని వైపు చూస్తూ కూర్చున్నాడు. అక్క కత్తెర ఒక్కటే వినిపించింది.

పొద్దున్నే పిట్ట వచ్చింది. "పద నాన్నా, మళ్లీ వెళ్దాం."

"నువ్వూ మీ మావయ్యా వెళ్లండి. నచ్చింది తెచ్చుకో. నా సరే ఇంక చెల్లదు."

"చెల్లకపోతే నేను నీళ్లలో దిగను. మాటంటే మాటే."

"మొండిఘటం. ఎవరి పోలికో!"

"నా వైపు చూడకు" అంది అక్క. "మా పుట్టింట్లో అందరూ నెమ్మదస్తులే. కావాలంటే వీణ్ణి చూడు."

బావ నన్ను చూశాడు. "వీణ్ణి చూసే కదా మీ వంశం మీద నమ్మకం పోయింది" అని చెప్పుల కోసం లేచాడు.

షాపావిడ మమ్మల్ని చూసి దారిచ్చింది. గాలిపటం నీళ్లలో పడ్డ సంగతి ఒడ్డు దారంతా తెలుసు. బావ నేరుగా గొలుసు దగ్గరికి వెళ్లి, "ముందు నన్ను తగిలించండి" అన్నాడు.

"మీరా?"

"కూర్చుని చూడని సోఫాకి నేనెప్పుడూ సరే అనలేదు. వేలాడి చూడకుండా దీనికి ఎలా అంటాను?"

ఆయన పొట్టకి సరిపోయే వెస్టు దొరకడానికి కొంతసేపు పట్టింది. హార్నెస్ బిగించడానికి నేనూ పిట్టా చెరో పక్కా నిలబడి లాగాల్సి వచ్చింది. కొక్కేన్ని మెలికలో తగిలించి, మోకాళ్లు మడవమంది షాపావిడ. మడిచాడు. గొలుసు కిర్రుమంది. కుషన్ మాస్టారు దుకాణం మధ్యలో, నేలకి జానెడు ఎత్తున, నెమ్మదిగా గుండ్రంగా తిరిగాడు.

"బావా, చూస్తుంటే ఉతికి ఆరేసినట్టున్నావు."

"నువ్వు నోరు మూసుకుని తిరక్కుండా పట్టుకో."

కళ్లు మూసుకున్నాడు, సోఫాలో మూసుకున్నట్టే. చేత్తో వెతికాడు. ముందు పొట్ట తగిలింది. ఆ తర్వాత కొక్కెం, దాని మీద పిడి. తోశాడు. మెలిక విడిపోయి దబ్బున నేల మీద కూలబడ్డాడు. షాపావిడ పరిగెత్తుకొచ్చింది. ఆయన కింద కూర్చునే, "ఇదన్నమాట" అన్నాడు.

అప్పుడు పిట్ట వంతు. ఆయన వేలాడే కూతురి చుట్టూ తిరిగాడు. ఆ రోజు ఆయన బొటనవేలు ఫోము జోలికి పోలేదు. వెస్టు అంచుకీ హార్నెస్ అంచుకీ మధ్య, గడ్డానికీ మెడ అంచుకీ మధ్య పెట్టి చూశాడు. మందంగా ఉన్న రెండు వెస్టులు ఆయనే వద్దన్నాడు. ముందు జిప్పు ఉన్న ఒకటి కొక్కేనికి అడ్డొస్తోందని పిట్ట వద్దంది. చివరికి మొదటి రోజు షాపావిడ తొడిగిన పల్చటి వెస్టు దగ్గరే ఆగారు. ఆయన అప్పుడు ఎడమ పక్కన ఒకే ఒక్కసారి నొక్కాడు. పిట్ట ఊపిరి ఆపింది.

"ఇది దీని ఎముకని కాపాడుతుందా?" అని అడిగాడు షాపావిడని.

"కొంత. మళ్లీ చిట్లదని మాత్రం నేను చెప్పలేను మాస్టారూ. ఎవరు చెప్పినా నమ్మకండి."

ఆయన తలూపాడు. సరే అనలేదు. వెస్టు సంచిలో పెట్టించి, దారంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత రెండు మూడు రోజులు గాలి లేదు. అయిపోయిందనే అనుకున్నాం. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం జెండా గుడ్డ కదిలింది. ఉప్పుగడ్డం కబురు పంపాడు. ఉన్నవాటిలో పెద్ద గాలిపటం తీసి సిద్ధంగా పెట్టాడు, బలహీనమైన గాలికి పెద్దదే కావాలట. పిట్ట నీళ్ల అంచున నిలబడింది, నడుముకి కొక్కెం, కొక్కేనికి తాళ్లు. బావ ఎదురుగా వెళ్లాడు.

"కళ్లు మూసుకో."

మూసుకుంది.

"పిడి."

చెయ్యి నేరుగా వెళ్లి పిడి మీద పడింది. ఆయన ఆమె భుజాలు పట్టి ఒక చుట్టు తిప్పి, "పిడి" అన్నాడు. పడింది. పక్కకి వంచి అడిగాడు. వెస్టు భుజాల దగ్గర పట్టుకుని పైకి గుంజి, గుంజుతూ అడిగాడు. పడింది. గాలిపటం పట్టుకున్నవాడు చేతులు నొప్పెట్టి పట్టు మార్చుకున్నాడు. గాలి ఇంకెంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు. ఉప్పుగడ్డం ఆకాశం వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. బావ చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. అరచేతిలోకి నాలుగు మేకులు వచ్చాయి. వాటిని చూసి, తిరిగి జేబులో వేసుకున్నాడు.

"సరే" అన్నాడు. కొంచెం ఆగి, "ఎత్తండి" అన్నాడు.

ఆమె వెళ్లింది. చాలా దూరం వెళ్లి, తిరిగి, మాకు అడ్డంగా దూసుకుపోయింది. ఉప్పుగడ్డం చెప్పినవన్నీ చేసింది. చివర్లో, ఎవరూ అడగకుండానే, ఎగిరింది. దిగేటప్పుడు పలక జారి, మళ్లీ ఎడమ పక్కనే నీళ్లకి కొట్టుకుంది. ఆ చప్పుడు ఒడ్డుకి వినిపించింది. కాసేపు నురగ తప్ప ఏమీ లేదు. తర్వాత తల పైకి వచ్చింది. చెయ్యి ఎత్తి నెత్తి మీద పెట్టుకుంది.

"అయ్యో, నెత్తిన చెయ్యి పెట్టుకుంది!" అంది అక్క.

"బాగున్నానని సైగమ్మా అది" అన్నాడు ఉప్పుగడ్డం.

"ఇదేం సైగ? మా ఇళ్లల్లో కొంప మునిగితే పెట్టుకుంటారు!"

బావ కూడా తన చెయ్యి నెత్తిన పెట్టుకుని ఉన్నాడు. బాగున్నానని జవాబు చెప్తున్నాడో, మామూలుగానే పెట్టుకున్నాడో నేను అడగలేదు.

ఆ ఏడు ఉద్యోగం ఫెర్రీ ఆయనకే పోయింది. ఎక్కువ రోజులు నీళ్లలో ఉన్నది ఆయనే కదా, కాదనడానికి లేదు. పిట్ట ఇంట్లో ఈ సంగతి ఒక్కసారే చెప్పి ఊరుకుంది. మరుసటి వారం బావ ఎవరూ పిలవకుండా బడికి వెళ్లి, వాళ్ల రక్షణ పడవ సీట్లు విప్పుకొచ్చి కొత్త ఫోము, కొత్త రెక్సిన్ వేశాడు. ఒడ్డున కట్టేసి ఉన్న ఆ పడవలో కూర్చుని, కళ్లు మూసుకుని, చివరికి సరే అన్నాడు. తర్వాతి ఏడు ఫెర్రీ ఆయన వేరే చోటికి వెళ్లిపోతే, ఆ సీట్లో పిట్ట కూర్చుంది.

లావు వెస్టు మాత్రం వర్క్‌షాపులోనే ఉండిపోయింది. బావ దాన్ని తన స్టూలు వెనక చెక్కకి కట్టుకుని, నడుము ఆనించుకుని పని చేసేవాడు. ఎవరైనా ఏంటది అని అడిగితే, "పడవ వెనక జారేవాళ్లది. నేను జారకుండా కట్టుకున్నా" అనేవాడు.

ఈ వెస్టుల్లో ఫోము ఎల్లకాలం ఉండదు. ఎండకీ ఉప్పుకీ గట్టిపడి, దెబ్బని ఆపే గుణం పోతుంది. పోయిన నెల పిట్ట ఫోను చేసింది.

"మావయ్యా, కారు నడుస్తోందా?"

దుకాణంలో షాపావిడ మూడు వెస్టులు తీసి పెట్టింది. పిట్ట రెండు వద్దని, మూడోది తొడుక్కుని, హార్నెస్ బిగించుకుని, గొలుసుకి తగిలించుకుని మోకాళ్లు మడిచింది. గొలుసు కిర్రుమంది. కళ్లు మూసుకుని పిడి తోసింది. కాళ్ల మీద నిలబడింది. మళ్లీ తగిలించుకుని, నన్ను పక్కకి వంచమని, మళ్లీ తోసింది.

తర్వాత కూడా జిప్పు తియ్యకుండా అలాగే నిలబడింది. షాపావిడ గల్లాపెట్టె వైపు వెళ్లబోయి ఆగింది. పిట్ట నా వైపు చూసింది. నేను గోడ మీద గాలిపటాల సంచుల వైపు చూశాను. ఆ మాట అనడానికి నేను కూర్చున్న సోఫాలు చాలవు.

"సరే" అంది పిట్ట తనే. జిప్పు తీసి, వెస్టుని మడిచి, బల్ల మీద పెట్టింది.